గోడల నడుమ మనిషి జాడ: ‘రాడార్’ పరిశోధన పత్రముపై ఒక విమర్శ

ఆరుబయట నిలబడిన మనిషి ఉనికిని తెలుపుటకు ఉపగ్రహములు ఉన్నవి. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు జి.పి.ఎస్. ఉపగ్రహములు పంపే రేడియో సంకేతములను చేతిలోని ఫోను అందుకొని, తాను భూమిపై ఎక్కడ ఉన్నదో కొద్ది మీటర్ల తేడాతో లెక్కకట్టగలదు. కాని అంత దూరము నుండి వచ్చే సంకేతము మిక్కిలి బలహీనమైనది. కాంక్రీటు కప్పు, ఇటుక గోడ అడ్డము వచ్చేసరికి అది సన్నగిల్లిపోవును. అందుచేత పెద్ద ఆసుపత్రిలోనో, రైలు స్టేషనులోనో, అంతస్తుల మేడలోనో ఒక మనిషి ఏ మూల ఉన్నాడో చెప్పవలసి వచ్చినప్పుడు ఉపగ్రహము చేతులెత్తివేయును.

ఈ లోటును తీర్చుటకు జరిగిన ప్రయత్నములలో ముఖ్యమైనది ఒకటి 2000 సంవత్సరములో వెలువడినది. ఆ ఏడు మార్చి నెలలో ఇజ్రాయెల్ దేశములోని టెల్ అవీవ్ నగరమున జరిగిన ఇన్ఫోకామ్ సదస్సులో, అమెరికాలోని మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగమునకు చెందిన పరమ్‌వీర్ బాహ్ల్, వెంకట పద్మనాభన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక పత్రమును సమర్పించినారు. తమ పద్ధతికి వారు ‘రాడార్’ అని పేరు పెట్టినారు. విమానముల జాడ తీసే రాడారుకు, దీనికి పేరులోనే పోలిక. ఆ రాడారు తాను పంపిన తరంగము విమానమునకు తగిలి తిరిగి వచ్చుటను పట్టుకొనును. ఈ ‘రాడార్’ మాత్రము కంప్యూటర్లను తీగలు లేకుండ కలుపుటకు వాడు రేడియో సాధనములనే ఉపయోగించుకొని, వాటి సంకేతములు ఎక్కడ ఎంత బలముగా ఉన్నవో చూచి మనిషి ఉన్న చోటును అంచనా వేయును. నేడు వై-ఫై అని వ్యవహరింపబడునది ఆ సాధనముల సంతతియే.

ఈ రంగములో తరువాత వచ్చిన పత్రములు అనేకము తమ ఫలితములను ‘రాడార్’ ఫలితములతో పోల్చి చూపుకొన్నవి. ‘రెండు మూడు మీటర్ల తేడాతో, అనగా ఒక ఆఫీసు గది పాటి తేడాతో, మనిషిని గుర్తింపవచ్చును’ అను మాట ఈ పత్రములోనిదే. ఆ మాట ఎంతవరకు నిజము? ఏ షరతులపై నిజము? ఈ పత్రమును నేడు చదువవలసినది ఈ రెండు ప్రశ్నలను దృష్టిలో ఉంచుకొనియే.

అడ్డంకియే ఆనవాలు

అడ్డు లేని బయలులో రేడియో తరంగముల బలము దూరపు వర్గమునకు విలోమానుపాతములో తగ్గును. దూరము రెండింతలైనచో బలము నాలుగవ వంతు అగును. ఈ సూత్రమే భవనములో కూడ పనిచేసినచో పని సులువుగా ఉండెడిది. మూడు ప్రసార కేంద్రముల నుండి అందిన బలములను బట్టి మూడు దూరములు కట్టి, కాగితముపై మూడు వృత్తములు గీచినచో అవి కలిసిన బిందువే మనిషి ఉన్న చోటు. ఇది ఉన్నత పాఠశాల విద్యార్థి చేయగల జ్యామితి.

కాని భవనములో ఆ వృత్తములు ఒకచోట కలియవు. ఈ సాధనములు వాడు తరంగముల పౌనఃపున్యము సుమారు 2.4 గిగాహెర్ట్జులు, తరంగ దైర్ఘ్యము సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. కేంద్రము నుండి తిన్నగా వచ్చిన తరంగముతోపాటు గోడపై, ఇనుప బీరువాపై, నేలపై పరావర్తనము చెందిన తరంగములు కూడ అదే చోటికి చేరును. శృంగము శృంగముతో కలిసిన చోట బలము పెరుగును. శృంగము ద్రోణితో కలిసిన చోట తరుగును. పరికరమును జానెడు దూరము జరిపినంతనే కొలత మారిపోవుటకు ఈ వ్యతికరణమే కారణము. దీనికి తోడు మనిషి శరీరములో నీరు ఎక్కువ. నీరు ఈ తరంగములను శోషించుకొనును. కాబట్టి పరికరమును పట్టుకొన్న మనిషియే తన వెనుక కేంద్రమునకు అడ్డుగోడ అగును.

బాహ్ల్, పద్మనాభన్‌ల ఆలోచనలోని కొత్తదనము ఇక్కడ కనబడును. గోడల వలన కలిగే ఈ చిక్కును తొలగించుటకు వారు పూనుకొనలేదు. ఒక్కొక్క చోట ఆ చిక్కు ఒక్కొక్క విధముగా ఉండును గనుక, దానినే ఆ చోటికి ఆనవాలుగా తీసుకొన్నారు. దీపము ఆరిపోయిన ఇంటిలో ఇల్లాలు అగ్గిపెట్టె ఉన్న గూటిని తిన్నగా చేరుకొనును. ఆమె దూరములు లెక్కవేయదు. ఏ గడప తరువాత ఏ గోడ తగులునో ఆమెకు గుర్తు. ‘రాడార్’ చేయునదియు ఇదే. మొదట భవనమంతా తిరిగి ఏ చోట ఏ బలములు ఉన్నవో ఒక పట్టికలో వ్రాసికొనును. తరువాత ఎవరైన వచ్చినప్పుడు వారి సంకేత బలములకు పట్టికలో ఏ వరుస దగ్గరగా ఉన్నదో వెదకి, ఆ చోటును చెప్పును.

ఒక ఊహాత్మక ఉదాహరణతో ఇది స్పష్టమగును. మూడు కేంద్రముల వద్ద నమోదైన బలములు, రుణ గుర్తును విడిచి చెప్పినచో, మొదటి చోటికి 40, 60, 70 డెసిబెళ్లు. రెండవ చోటికి 50, 52, 66 డెసిబెళ్లు అనుకొనుడు. వచ్చిన మనిషికి 48, 54, 67 నమోదైనవి. మొదటి చోటితో తేడాలు 8, 6, 3. వాటి వర్గముల మొత్తము 109. వర్గమూలము సుమారు 10.4. రెండవ చోటితో తేడాలు 2, 2, 1. వర్గముల మొత్తము 9, వర్గమూలము 3. కాబట్టి మనిషి రెండవ చోటికి దగ్గరగా ఉన్నాడని నిర్ణయము. పైథాగరస్ సిద్ధాంతమును సమతలము నుండి సంకేతముల లోకమునకు తీసికొనిపోవుటయే ఇందలి గణితము.

పత్రములోని గట్టితనము

ప్రయోగము ఒక మూడంతస్తుల భవనములో రెండవ అంతస్తున జరిగినది. ఆ అంతస్తు పొడవు 43.5 మీటర్లు, వెడల్పు 22.5 మీటర్లు, అందులో 50కి పైగా గదులు. అంత స్థలమునకు మూడే మూడు కేంద్రములు. పరిశోధకులు 70 చోట్ల నిలబడి, ఒక్కొక్క చోట నాలుగు దిక్కులకు తిరిగి, దిక్కుకు కనీసము 20 కొలతలు తీసినారు. అనగా ప్రతి కేంద్రము వద్దను 5,600కు తక్కువ కాని కొలతలు చేరినవి. ఈ ఓపిక మెచ్చదగినది.

అంతకన్న మెచ్చదగినది వారు ఫలితమును చూపిన తీరు. తమ పద్ధతిలో దోషముల మధ్యగతము 2.94 మీటర్లు అని చెప్పి వారు ఊరకుండలేదు. కన్నులు మూసుకొని ఏదో ఒక చోటును చెప్పినచో ఎంత తప్పు వచ్చునో కూడ లెక్కించినారు: 16.26 మీటర్లు. ఏ కేంద్రమునకు సంకేతము బలముగా అందినదో ఆ కేంద్రము వద్దనే మనిషి ఉన్నాడని చెప్పినచో తప్పు 8.16 మీటర్లు. ఈ రెండు అంకెలు ప్రక్కన ఉన్నప్పుడే మూడవదాని విలువ తెలియును. పరీక్షలో 60 మార్కులు వచ్చినవన్న మాట, తరగతిలో తక్కినవారికి ఎన్ని వచ్చినవో తెలిసినప్పుడే అర్థవంతమగును. కొత్త పద్ధతిని అతి సామాన్యమైన పద్ధతితో పోల్చి చూపుట విజ్ఞాన శాస్త్రములో నిజాయితీకి మొదటి గుర్తు.

మనిషి శరీరమును కూడ వారు లెక్కలోనికి తీసుకొన్నారు. ఒకే చోట నిలబడి దిక్కు మార్చినంత మాత్రముననే బలములో 5 డెసిబెళ్ల వరకు తేడా వచ్చుటను చూపినారు. అనగా బలము దాదాపు మూడవ వంతుకు పడిపోవచ్చును. పట్టికలో ఒక దిక్కు కొలతలే ఉండి, మనిషి దానికి ఎదురు దిక్కుకు తిరిగి ఉన్నచో మధ్యగత దోషము 4.90 మీటర్లకు పెరిగినది. నడుచుచున్న మనిషి విషయములో అది 3.5 మీటర్లు. ఊరక నిలబడిన చోట్ల కొలతలు తీయక, ఎన్ని గోడలు అడ్డమున్నవో లెక్కించి సూత్రముతో పట్టికను తయారుచేసినచో 4.3 మీటర్లు. తమకు అనుకూలముగా లేని అంకెలను కూడ దాచక ముద్రించుట ఈ పత్రములోని పెద్ద గుణము.

అంకె వెనుక ఉన్న షరతులు

అయినను ఈ పత్రమునకు కొన్ని హద్దులు ఉన్నవి. వాటిని గుర్తింపక 2.94 అను అంకెను మాత్రమే పట్టుకొన్నచో పొరబాటు జరుగును.

మొదటిది, పరీక్ష జరిపిన తీరు. 70 చోట్లలో ఒకదానిని ప్రక్కకు తీసి, మిగిలిన 69 చోట్ల పట్టికలో దానిని వెదకినారు. అసలు చోటు పట్టికలో లేకపోవుట వలన ఇది ఒక విధముగా కష్టమైన పరీక్షయే. కాని మరొక విధముగా సులువైనది. ప్రశ్నగా అడిగిన కొలత, జవాబు వెదకిన పట్టిక రెండును ఒకే సేకరణలోనివి. ఒకే పరికరముతో తీసినవి. ఉపాధ్యాయుడు తాను చెప్పిన నోట్సు నుండియే ప్రశ్నలు ఇచ్చినచో తరగతి బాగుగానే వ్రాయును. కొన్ని నెలల తరువాత, బల్లలు మార్చిన గదిలో, వేరొక పరికరముతో వచ్చిన కొత్త మనిషిని గుర్తించుట వేరొక పరీక్ష.

రెండవది, మధ్యగతము అను మాట. మధ్యగత దోషము 2.94 మీటర్లు అన్నప్పుడు సగము సార్లు తప్పు అంతకన్న తక్కువ. తక్కిన సగము సార్లు అంతకన్న ఎక్కువ. పత్రములోని వివరములను బట్టి నాలుగింట ఒక వంతు సార్లు తప్పు నాలుగున్నర మీటర్లను దాటినది. పత్రకర్తలు దీనిని దాచలేదు. వాడుకలోనికి వచ్చేసరికి ‘సగము సార్లు’ అను భాగము రాలిపోయి ‘మూడు మీటర్లు’ మాత్రము మిగులును.

మూడవది అన్నిటికన్న ముఖ్యమైనది. మీటరుకు గోడ తెలియదు. పెద్ద హాలులో మూడు మీటర్ల తప్పు వచ్చినచో రెండడుగులు వేసి చుట్టుప్రక్కల చూచినంతనే మనిషి కనబడును. అదే మూడు మీటర్లు గోడకు అవతల పడినచో మనిషి వేరొక గదిలో ఉన్నట్టు తేలును. ఆ గదికి ద్వారము వసారా చుట్టు తిరిగి ఉండవచ్చును. నిలువుగా మూడు మీటర్లు అనగా మరొక అంతస్తు. ‘రాడార్’ ప్రయోగము ఒక్క అంతస్తుకే పరిమితమైనది గనుక ఈ చివరి ప్రశ్న అందులో ఉదయింపనే లేదు. దగ్గరలో ఉన్న ప్రింటరుకు కాగితము పంపుట, భవనములో దారి తెలుపుట వంటి పనులకు తమ పద్ధతి చాలునని పత్రకర్తలు అన్నారు. అది న్యాయమైన మాటయే. కాని పొగ కమ్ముకొన్న మేడలో మనిషిని వెదకు అగ్నిమాపక దళమునకు ఇంతే చాలునని ఆ అంకె నుండి తీర్మానింపరాదు.

ఈ విషయములో అమెరికా సమాచార ప్రసార కమిషన్ 2019లో చేసిన నిబంధన గమనింపదగినది. భవనముల లోపలి నుండి అత్యవసర సహాయమునకు వచ్చు సెల్‌ఫోను పిలుపులలో 80 శాతమునకు, ఎత్తులో తేడా 3 మీటర్లకు మించరాదని అది కోరినది. ఎన్ని మీటర్లు అన్నదానితోపాటు ఎంత శాతము అన్నది, ఏ దిక్కున అన్నది కూడ చెప్పబడినది. అంకెను చెప్పవలసిన తీరు అది.

భవనము మారినచో అంకె మారును

నాలుగవ హద్దు, ఒకే భవనములో పరీక్షించుట. దీని ప్రభావము ఎంతయో తరువాతి పరిశోధనలు తెలిపినవి. మేరీలాండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మొస్తఫా యూసుఫ్, అశోక్ అగ్రవాల ‘హోరస్’ అను పద్ధతిని రూపొందించి 2005లో విపులముగా ప్రకటించినారు. ఒక్కొక్క చోట ఒక్కొక్క సగటును గాక, బలములు మారే సంభావ్యతలనే పట్టికలో చేర్చుట అందలి విశేషము. పట్టిక తయారుచేయు శ్రమ మాత్రము అందులోను తప్పలేదు.

ఆ శ్రమను తప్పించుటకు 2010లో ప్రయత్నించినవారిలో ‘రాడార్’ పత్రకర్త పద్మనాభన్ కూడ ఒకరు. కృష్ణ చింతలపూడి, ఆనంద్ పద్మనాభ అయ్యర్‌లతో కలిసి ఆయన ప్రకటించిన ‘ఈజీ’ అను పద్ధతికి ముందు పట్టిక అక్కరలేదు. వాకిలి దగ్గరనో కిటికీ దగ్గరనో అప్పుడప్పుడు దొరకు ఉపగ్రహ సంకేతమును ఆధారము చేసికొని, జనము మామూలుగా తిరుగునప్పుడు వారి ఫోనులు గ్రహించిన బలముల నుండియే అది లెక్క కట్టును. ఒక విజ్ఞాని తన తొలి పద్ధతిలోని కష్టమును తానే తొలగింప పూనుకొనుట ఆ పద్ధతిపై వచ్చిన విమర్శలలోకెల్ల సార్థకమైనది.

ఆ పత్రములో ఇచ్చిన అంకెలు కన్నులు తెరిపించును. చిన్న భవనములో ‘ఈజీ’కి మధ్యగత దోషము 2 మీటర్లు, పెద్ద భవనములో 7 మీటర్లు. శ్రమతో పట్టిక వేసిన ‘హోరస్’కు చిన్న భవనములో 0.7 మీటరు, పెద్దదానిలో 4 మీటర్లు. పద్ధతి మారలేదు, భవనమే మారినది. ఒకే పద్ధతిలో తప్పు అయిదు రెట్లకు పైగా పెరిగినది. ‘ఈ పద్ధతి ఇన్ని మీటర్ల ఖచ్చితత్వము గలది’ అను వాక్యము అసంపూర్ణమని ఇంతకన్న స్పష్టముగా చూపుట కష్టము.

2014లో బెర్లిన్ నగరమున మైక్రోసాఫ్ట్ వారు నిర్వహించిన పోటీ ఈ దిశలో మంచి అడుగు. 22 పద్ధతులను వాటి నిర్మాతలకు పరిచయము లేని ఒకే స్థలములో పరీక్షించినారు. తమ సొంత సాధనములను అమర్చుకొన్న పద్ధతులలో మేలైనదానికి సగటు తప్పు 0.72 మీటరు, ఏ సాధనమును అదనముగా అమర్చనివాటిలో మేలైనదానికి 1.6 మీటర్లు. ఎవరి ఇంట వారు తీసిన కొలతల కన్న ఇటువంటి ఉమ్మడి పరీక్ష విలువైనది.

లెక్క ఎవరి చేతిలో?

‘రాడార్’ పత్రములో ప్రముఖముగా ముందుకు రాని ప్రశ్న ఒకటి ఉన్నది. మనిషి ఉన్న చోటును లెక్కించునది ఎవరు? ఆ ప్రయోగములో సంచార కంప్యూటరు సంకేతములను పంపినది. కేంద్రములు వాటి బలమును నమోదుచేసినవి. అనగా జాడ మొదట తెలియునది భవనము యజమానికి, మనిషికి కాదు.

ఈ ప్రశ్న అప్పటికే కొత్తది కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రాయ్ వాంట్, ఆండీ హాపర్ మొదలగువారు చేసిన ‘యాక్టివ్ బ్యాడ్జి’ చొక్కాకు తగిలించుకొను బిళ్ల. అది 15 సెకండ్లకొకసారి పరారుణ సంకేతము వెలువరించును. దానిపై 1992లో వెలువడిన పత్రము వ్యక్తి గోప్యతను గురించి చర్చించినది. ‘రాడార్’ వెలువడిన 2000 సంవత్సరములోనే మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో నిశంక ప్రియంత, అనిత్ చక్రబర్తి, హరి బాలకృష్ణన్ ‘క్రికెట్’ అను పద్ధతిని ప్రకటించినారు. అందులో గోడపైనున్న పరికరములు రేడియో సంకేతమును, అతిధ్వనిని ఒకేసారి పంపును. మెరుపు తరువాత ఉరుము వినబడు ఆలస్యమును బట్టి దూరము కట్టినట్లు, మనిషి చేతిలోని పరికరము ఆ రెండింటి వ్యవధిని బట్టి తన చోటును తానే తెలిసికొనును. ఎవరికైన చెప్పుట, చెప్పకపోవుట దానిని పట్టుకొన్నవాని ఇష్టము. లెక్క ఎవరి చేతిలో ఉండవలెనన్నది సాంకేతిక నిర్మాణములోనే తేల్చవచ్చునని ఈ పోలిక తెలుపును.

ఈ ప్రశ్న కేవలము పుస్తకములకు చెందినది కాదు. లండను రవాణా సంస్థ 2016 నవంబరు, డిసెంబరు నెలలలో 54 భూగర్భ రైలు స్టేషన్లలో ప్రయాణికుల ఫోనుల వై-ఫై సంకేతములను నాలుగు వారములు నమోదుచేసినది. రద్దీ ఎక్కడ, జనము ఏ దారిన పోవుచున్నారు అని తెలిసికొనుట ఉద్దేశము. 56 లక్షల పరికరముల వివరములు చేరినవి. గుర్తింపు సంఖ్యలను మరుగుపరచినారు. స్టేషన్లలో ప్రకటనలు అంటించినారు. వద్దనుకొన్నవారు ఫోనులో వై-ఫై కట్టివేసికొనవచ్చునని తెలిపినారు. 2019 జులై నుండి ఈ సేకరణను నిత్యకృత్యము చేసినారు. రద్దీని తగ్గించుట ప్రజోపకారమే. కాని జేబులో ఫోను ఉన్నంత మాత్రమున లెక్కలోనికి వచ్చినట్లే. తప్పుకొనదలచినవాడే పూనుకొని తప్పుకొనవలెను. 2013లో ఫాదెల్ అదీబ్, దీనా కతాబీలు చూపిన ‘వై-వై’ ప్రయోగములో ఆ వెసులుబాటు కూడ లేదు. చేతిలో ఏ పరికరము లేని మనిషి గోడ అవతల కదలినను, అతని శరీరముపై పరావర్తనము చెందిన తరంగములను బట్టి ఆ కదలికను వారు పసిగట్టినారు.

మరొక దారి కూడ తెరచుకొన్నది. 2016 నాటి వై-ఫై ప్రమాణములో సంకేతము పోయి వచ్చు కాలమును సూక్ష్మముగా కొలిచే ఏర్పాటు చేరినది. 2018లో వెలువడిన ఆండ్రాయిడ్ 9 దానిని ఫోనులకు తెచ్చినది. నానోసెకండులో కాంతి 30 సెంటీమీటర్లు పోవును గనుక, కాలమును కొలిచినచో దూరము నేరుగా తెలియును. ఇందులో లెక్క కట్టునది ఫోనే. ‘క్రికెట్’ చూపిన మార్గమునకు ఇది దగ్గరి చుట్టము.

తరగతి గదిలో

ఈ పత్రమును విద్యార్థులు వట్టి కథగా వినక, పరీక్షించి చూడవచ్చును. ఒక ఫోనును హాట్‌స్పాటుగా పెట్టి, సంకేత బలమును డెసిబెళ్లలో చూపు ఉచిత సాధనమును మరొక ఫోనులో ఉంచినచో చాలును. పాఠశాల వసారాలో పది చోట్ల సుద్దతో గుర్తులు పెట్టి, ఒక్కొక్క గుర్తు వద్ద నాలుగు దిక్కులకు తిరిగి కొలతలు వ్రాయవలెను. మరునాడు తరగతి గదులు నిండియున్నప్పుడు, మొదటి కొలతలు తీయని వేరొక విద్యార్థి వేరొక ఫోనుతో అవే గుర్తులపై నిలబడవలెను. హాట్‌స్పాట్లు మూడు ఉన్నచో పట్టికతో పోల్చి చోటును కూడ కనుగొనవచ్చును. ఎన్నిసార్లు సరిపోయినది, ఎన్నిసార్లు ప్రక్క గుర్తును చూపినది లెక్కించినచో, ‘రాడార్’ పత్రములో జరుగని పరీక్ష ఆ వసారాలో జరిగినట్లగును.

గోడలను, మనుష్యులను తొలగించి ఆలోచింపక, వాటినే ఆధారము చేసికొనుట ‘రాడార్’ సాధించిన విజయము. పట్టికను నింపినచోటనే పరీక్షించుట, గోడను ఎరుగని మీటరుతో తప్పును కొలుచుట, జాడ ఎవరికి తెలియవలెనని అడుగకుండుట అందలి లోపములు. ఇకమీదట ఇట్టి సాధనము ఏదైన ఆసుపత్రికో పాఠశాలకో వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగవలెను: ఎన్ని మీటర్లు? ఎన్నింట ఎన్నిసార్లు? ఏ భవనములో కొలిచినారు? లెక్క ఎవరి చేతిలో ఉండును? ఈ నాలుగింటికి జవాబు వచ్చిన తరువాతనే మొదటి అంకెను నమ్మదగును.